పదో వంతు నొప్పి

నవంబరు 2, సోమవారం

పొద్దుటి నుంచి తూర్పు గాలి. మబ్బు ఉంది గాని చినుకు లేదు. పోటు ఐదున్నరకి మొదలైంది, కట్ట తూము తలుపులు రెండూ దించాను. కట్ట లోపల నీరు మూడడుగుల నాలుగంగుళాలు. ఉప్పువరి కంకి మీద ఉంది. నాలుగడుగులు మించి నీరెక్కితే తాలు పోతుంది. ఎడమ తలుపు మర బిగుసుకుపోయింది. నూనె పోసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తిప్పేసరికి తొమ్మిదయింది.

పని చేస్తున్నంతసేపూ కుడి మోకాలు లాగుతూనే ఉంది. నా మోకాలు కాదు. తవిటమ్మది.

నిన్న మెట్టపేటలో ఆట జరిగింది. ఎండ ఎక్కకముందే అయిపోవాలి కాబట్టి ఆటలన్నీ ఇప్పుడు పొద్దున్న ఆరింటికే. తవిటమ్మ మా కొత్తగెడ్డ పిల్ల. ఇరవై రెండేళ్ళు. ఉప్పుగెడ్డ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పక్క ఆడుతుంది. తల్లి లేదు, తండ్రి లోతు సముద్రం పడవల మీద ఉంటాడు. నిన్న రెండు గోల్స్ వేసింది. రెండోది వేశాక మోకాలు మెలిపడింది. ఆమె మెడ వెనక కుట్టిన పట్టీ ఆ నొప్పిని మా పదిమంది ముంజేతి పట్టీలకి పంచింది. తలా పదో వంతు. ఆమెకి ఏమీ మిగలదు. మాలో ఎవరు పట్టీ విప్పితే వాళ్ళ వంతు తిరిగి ఆమెకే పోతుంది.

ఆటకి గంట ముందు కట్టుకోవాలి, అయ్యాక గంటకి విప్పాలి. అది నిబంధన. మేము దసరా నుంచి విప్పడం లేదు. అప్పుడు చీలమండ బెణికి తవిటమ్మ మూడు రోజులు నిద్రపోలేకపోయింది. మనం విప్పకుండా ఉంటే పిల్ల పడుకుంటుంది కదా అని ముందు అన్నది నేనే. అందరికీ మంచి ఆలోచన అనిపించింది. ఇప్పుడు స్నానానికి కూడా విప్పం.

సాయంత్రం కనకాలు పాకకి వెళ్ళాను. కనకాలు టీ, బాతుగుడ్ల అట్లు అమ్ముతుంది. నొప్పి పంచుకునే వాటాదార్లం కలిసేది అక్కడే, ఆట చూసేదీ అక్కడే.

"వొచ్చే ఆదివారం దాన్ని ఆడించకూడదు," అంది కనకాలు. "మోకాలు వదులైపోనాది. మెట్టెక్కితే నాకు తెలుస్తంది."

సన్యాసినాయుడు ఒప్పుకోలేదు. ఆయన ముప్పై ఏళ్ళ కిందట మగవాళ్ళ జట్టుకి గోలు కాశాడు. మా పదిమందికీ పెద్ద. "నీకు తెలిస్తే సాలు. దానికి తెలీనక్కర్లేదు. మనం మోత్తన్నది అందుకే కదా?"

"మోత్తన్నాం గాని మాన్పట్లేదు కదా మావా."

"ఈ ఊరి మనిసి సెమీస్ ఆడి నలభై ఏళ్ళయింది."

పడవ ఇంజన్లు బాగుచేసే నర్సిమ్ములు మధ్యలో వచ్చాడు. "మావా, నీ కాలంలో ఈ పట్టీలుంటే నువ్వింకా ఆడుదువు."

"ఆడుదును. కర్ర పట్టుకుని అయినా ఆడుదును."

"మరి గోలు ఎవులాపుతారు, కర్రా?"

అందరూ నవ్వారు. సన్యాసినాయుడు కూడా. నేను కూర్చోలేక నిలబడి టీ తాగాను. కాలు చాపితే లాగుతోంది, ముడిస్తే లాగుతోంది.


నవంబరు 3, మంగళవారం

గాలి అలాగే ఉంది. కుడి తలుపు కింద గడ్డి చిక్కుకుంది. కొక్కేనికి పట్టి లాగుతుండగా కుడి డొక్కలో ఎవరో వేలితో పొడిచినట్టయింది. వెనక్కి చూశాను. కట్ట మీద కొంగ తప్ప ఎవరూ లేరు. మళ్ళీ పొడిచారు. మొత్తం నాలుగు సార్లు. ఒకే చోట, మధ్యలో ఒకే ఎడం. ఎనిమిదీ నలభై.

ఆటలో తగిలే దెబ్బలు అలా ఉండవు. అవి ఎక్కడో ఒక చోట, ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి. పైగా ఈ రోజు ఆట లేదు. వాళ్ళ సాధన ఎనిమిదింటికి అయిపోతుంది.

"నాను ఇంజను కింద తొంగున్నాను," అన్నాడు నర్సిమ్ములు పాకలో. "ఇంజను తన్నిందనుకుని దాని వంశమంతా తిట్టినాను. పాపం."

"బంతి తగిలుంటాది," అన్నాడు సన్యాసినాయుడు.

"నాలుగుసార్లు ఒకే కాడా?" అంది కనకాలు.

"చీమ కుట్టినట్టుంది. దీనికో పంచాయితీ."

చీమ కుట్టినట్టే ఉంది, నిజమే.


నవంబరు 4, బుధవారం

గాలి తగ్గింది. నీరు మూడడుగుల మూడంగుళాలు. ఎనిమిదీ నలభై ఐదుకి ఏడు దెబ్బలు. అదే చోట.


నవంబరు 5, గురువారం

గాలి లేదు, ఉక్క. రెండు తలుపులూ ఎత్తి పాత నీరు వదిలాను. పై ఊళ్ళ వాళ్ళ పడవలు ఆరు దాటాయి.

ఎనిమిదీ నలభైకి పదకొండు. ఎనిమిదోది మిగతావాటిలా లేదు. ఆ తర్వాత నుంచి డొక్కలో సన్నగా గుచ్చుకోవడం మొదలైంది. గుచ్చుకుంటుంది, ఆగుతుంది. నేను ఊపిరి తీసుకున్నప్పుడా అని చూశాను. కాదు. నేను ఊపిరి బిగబట్టినా గుచ్చుకుంటోంది. అది ఆమె ఊపిరి.

ఇది పదో వంతు. దీన్ని పదింతలు చేస్తే ఎంతుంటుందో ఊహించుకుందామని కట్ట మీద నిలబడ్డాను. చేతకాలేదు. మధ్యాహ్నం దాకా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను. తిరగాల్సిన పని ఏమీ లేదు.

పాకలో ఎవరూ సరిగ్గా కూర్చుని లేరు. కనకాలు అట్టు తిప్పడం మానేసి అడిగింది.

"మావా, నువ్వు ఆడినోడివి. సాదన అయినాక స్నానాల గదిలో ఏటవుతాది?"

సన్యాసినాయుడు గ్లాసు కేసి చూశాడు. "తడి తువ్వాల్లో సబ్బు బిళ్ళ కడతారు."

"కట్టి?"

"కొత్తోళ్ళని కొడతారు. అందరూ తిన్నదే. నానూ తిన్నాను."

"కొట్టినావా?"

"కొట్టినాను. అదేటి, దాన్ని అంత పెద్దది సేత్తన్నావు? జట్టన్నాక ఉంటాది. నలిగితేనే కుదురుతారు. ఈ రోజుల్లో అన్నీ తప్పులే అయిపోనాయి. అప్పుడు ఎవులూ సచ్చిపోలేదు."

"ఎంత సేపు కొట్టేవోలు?"

"ఎంత సేపేటి. ఏడిసే దాకా. ఏడిత్తే ఆపీసేవోలం. అక్కడితో సరి. మర్నాటి నుంచి ఆడూ మనోడే."

కనకాలు పెనం కింద మంట ఆర్పింది.

"ఇది ఏడవదు కదా మావా," అంది.

అట్టు మాడిన వాసన వచ్చింది. సన్యాసినాయుడు తువ్వాలు భుజం మీద వేసుకుని, మళ్ళీ తీసి, చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు.


నవంబరు 6, శుక్రవారం

పది గంటలకి తవిటమ్మకి ఫోన్ చేశాను. ఈ రోజు పొద్దున్న తొమ్మిది దెబ్బలు.

"పిన్నీ, వరి ఎలాగున్నాది?" అని అడిగింది. కంకి పడుతోందని, నీరు తక్కువే ఉందని చెప్పాను. స్నానాల గదిలో ఏం జరుగుతోందని అడిగాను. నవ్వింది.

"ఓలమ్మ, అదా. జగదాంబప్పా, మిగతావోలూ తువ్వాలుతో కొడతారు. నాను నిలబడతాను. నాకు రాయి అని పేరెట్టినారు."

జగదాంబ జట్టు కెప్టెను.

"ఎందుకు కొడుతున్నారు?"

"మొదట్లో కోపం. ఎడమ పక్క జగదాంబప్ప సెల్లెలు ఆడేది కదా, నానొచ్చి కూకున్నాను. దసరా నుంచి మానీసినారు, ఈ వారం మల్లీ మొదలెట్టినారు. ఇప్పుడు కోపమేటీ లేదు. ఎన్నింటికి పడతానో అని సూత్తన్నారు. నాను పడను."

"నీకు కష్టంగా లేదా?"

"శ్రావణంలో ఇంటికొచ్చీదామనుకున్నాను పిన్నీ. సంచీ సర్దీసినాను. ఇప్పుడేటుంది? నీల్లు పడినట్టుంటాది, అంతే. మీరు పదిమందీ ఉన్నారు కదా."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఊపిరి నా డొక్కలో గుచ్చుకుంటూనే ఉంది. నీ ఎముక విరిగిందేమోనని నేను చెప్పలేదు. ముందు కోచ్‌కి చెబుదామనుకున్నాను.

కోచ్‌కి చేశాను. మొత్తం విన్నాడు. "ఆడవాళ్ళు సరదాగా ఆడుకునేదానికి మీరు ఎముకల దాకా వెళ్ళిపోయారు. సెమీస్ ముందు పిల్లని బెదరగొట్టకండి," అన్నాడు. తర్వాత, "అసలు ఈ వారం మధ్యలో మీకు ఎలా తెలుస్తోంది? పట్టీలు విప్పలేదా? ఆ సంగతి మీరు నాకు చెప్పలేదు, నేను వినలేదు," అని పెట్టేశాడు.

నేను మళ్ళీ తవిటమ్మకి చేయలేదు.


నవంబరు 7, శనివారం

నీరు మూడడుగుల ఆరంగుళాలు. రేపు అమావాస్య పోటు. సాయంత్రం నాలుగింటికి పదిమందిమీ పాకలో కలిశాం. ఏదైనా తేల్చుకోవాలంటే మా పద్ధతి ఒకటే. ఉంచుదాం అనేవాళ్ళు పట్టీ కట్టిన చెయ్యి ఎత్తాలి.

కనకాలు ఇప్పుడే విప్పేద్దామంది. "దాని ఒంట్లో ఏటున్నాదో దానికి తెలియాల. తెలిస్తే అదే ఒచ్చీస్తాది."

"రేపు ఆటెట్టుకుని ఇయ్యాల ఇప్పుతావా?" అన్నాడు సన్యాసినాయుడు. "మోకాలు, డొక్క ఒకేపాలి మీద పడితే మనిసి ఏటైపోవాల? అక్కడ పక్కన మనోలు ఎవులున్నారు? సోమారం నాను ఎల్లి తీసుకొస్తాను. ఇక్కడ మన మధ్యన నెమ్మదిగా ఇప్పుదాం."

"ఆట కోసం అంతన్నావు నువ్వు."

"ఆట కోసం కూడా అంతన్నాను. కాదనను. నీకొద్దా ఆట? నలభై ఏళ్ళు, కనకాలూ!"

"నాకూ కావాల. అందుకే భయమేత్తంది," అంది కనకాలు.

ఆ మాటకి నర్సిమ్ములు కూడా నవ్వలేదు. ఇంకా చాలాసేపు వాదించుకున్నారు. ఈ పట్టీలు రాకముందు ఆటగాళ్ళు నొప్పి మాత్రలు మింగి ఆడేవారని, అప్పుడు వాళ్ళ గురించి అడిగిన వాళ్ళే లేరని ఒకరన్నారు. ఇప్పుడు అడగాల్సిన పని కూడా లేకుండా పోయిందని ఇంకొకరన్నారు. చేతులెత్తమన్నారు. ఐదు లేచాయి. నాలుగు లేవలేదు. అందరూ నా వైపు చూశారు.

నేను ఎత్తాను.

ఆట కోసం ఎత్తలేదు. ఆ నొప్పి ఆమెకి పంపే చెయ్యి నాది కాకూడదనుకున్నాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.


నవంబరు 8, ఆదివారం

పెద్ద పోటు. ఐదింటికే తలుపులు దించి, మరకి గొళ్ళెం వేసి పాకకి వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది. కూర్చోవడానికి చోటు లేదు, ఉన్నా నేను కూర్చునేదాన్ని కాదు.

మొదటి అరగంటలో ఒకటి ఒకటి. మా గోలు తవిటమ్మ వేసింది. ఊరు అరిచింది. పరుగెత్తినప్పుడల్లా మాకు మోకాలు, డొక్క రెండూ తెలుస్తున్నాయి.

ముప్పై నాలుగో నిమిషంలో ఆమె బంతి కోసం వెనక్కి తిరిగింది. దగ్గర ఎవరూ లేరు. పాదం నేల మీదే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. మోకాలి లోపల తాడు తెగినట్టయింది. పదో వంతే. నేను బల్ల పట్టుకున్నాను. నర్సిమ్ములు ఒళ్ళో టీ ఒలకబోసుకుని కింద కూర్చుండిపోయాడు. పాకలో మిగతావాళ్ళు ఆట చూస్తున్నారు. మేము పదిమందిమి ఒకరినొకరం చూసుకున్నాం.

తెర మీద ఆమె లేచి కాలు విదిలించింది. జట్టు డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నొప్పుందా అని అడగడం పెదాల మీద తెలిసింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన వీపు తట్టి పంపేశాడు. ఆయనది తప్పని నేను రాయలేను. ఆమె చెప్పింది నిజమే.

"తెగిపోనాదది," అన్నాడు నర్సిమ్ములు. "తెగిన కాలు మీద పరిగెడతంది."

కోచ్‌కి ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. తెర మీద ఆమె మళ్ళీ బంతి అందుకుంది. ప్రతి అడుగుకీ లోపల ఎముక మీద ఎముక ఒరుసుకోవడం తెలుస్తోంది. ఐదు నిమిషాలు అలా పరుగెత్తింది. ఒకసారి నవ్వింది కూడా.

ఆమెకి చెప్పడానికి ఇక మాకు ఒకటే దారి ఉంది.

"విప్పేద్దాం," అన్నాను.

సన్యాసినాయుడు మొహం మీద చెమట. కాదనలేదు. "అందరూ ఒకేపాలి ఇప్పకండి. ఒక్కొక్కలు. ఆగిందంటే అక్కడితో ఆపీండి."

ముందు నాది విప్పాను.

ఆమె నిలిచిపోయింది. మోకాలు పట్టుకుంటుందనుకున్నాను. కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుంది. అక్కడ ఎవరో ఏదో పెట్టి మరిచిపోయినట్టు చొక్కా పైకెత్తి చూసుకుంది. కనకాలు విప్పింది. ఆమె ఒక కాలు ఎత్తి ఎత్తి వేయడం మొదలుపెట్టింది. నర్సిమ్ములు విప్పాడు. బంతి ఆమె ముందు నుంచే దొర్లుకుంటూ పోయింది. దాన్ని చూడలేదు. మైదానం మధ్యలో నిలబడి ఉన్న జగదాంబ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

నాలుగో పట్టీ విప్పాక రెండు చేతులూ నేలకి ఆనించి కూర్చుంది.

"సాలు," అన్నాడు సన్యాసినాయుడు. "ఇంకెవులూ ఇప్పకండి. మనం ఆరుగురం ఉంచుదాం."

ఆమెని స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. పాకలో అందరికీ అప్పుడే అర్థమైంది మేమేం చేశామో. ఎవరో అరిచారు. నేను బయటికి వచ్చేశాను. నా ఒంట్లో డొక్క నొప్పి లేదు, మోకాలి నొప్పి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్ట చివరి దాకా పోయి వచ్చాను. మళ్ళీ పోయాను.

ఒకటి మూడుతో ఓడిపోయామని తర్వాత తెలిసింది.


నవంబరు 9, సోమవారం

నీరు నాలుగడుగులు. పల్లపు మడుల్లో కొంచెం ఎక్కింది. మూడు గంటలకి గాని పాటు తీయలేదు.

మర చక్రానికి ఎవరో పేడ పూశారు. కడిగి పని మొదలుపెట్టాను. కట్ట మీద పోతూ ఒకాయన ఆగాడు.

"ఇంకో గంట ఆగలేకపోనావా పారమ్మా?"

ఆగితే ఏమయ్యేదో చెప్పాను. ఆయన వినలేదు. "ఇరిగింది ఎలాగూ ఇరిగింది కదా. గంటలో కొత్తగా ఏటి ఇరుగుతాది?" అన్నాడు. ఈ ఊళ్ళో తవిటమ్మ పేరు మనవరాలికి పెట్టుకున్న మనిషి ఆయన.


నవంబరు 12, గురువారం

మధ్యాహ్నం పన్నెండున్నర పడవలో తవిటమ్మ వచ్చింది. సన్యాసినాయుడు తీసుకొచ్చాడు. కాలికి చెక్కలు కట్టారు. మోకాలి లోపలి తాళ్ళు రెండు తెగాయి, నెల తర్వాత కోస్తారు, మళ్ళీ ఆడుతుందో లేదో ఇప్పుడే చెప్పరు. పక్కటెముకలు రెండు విరిగాయి. ఒకటి పోయిన వారానిది. ఇంకొకటి దసరా నాటిది, అతుక్కుపోయి ఉంది. చీలమండ నొప్పితో పాటు అది కూడా మేము మోసే ఉంటాం. మాకు తెలియలేదు.

కనకాలు ఇంట్లో దింపాం. పదిమందిమీ వెళ్ళాం. ఆరుగురికి ఇంకా పట్టీలున్నాయి. అందువల్ల ఆమె కూర్చోగలుగుతోంది.

"మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

మంగళవారం నుంచి దెబ్బల వేళలు, లెక్కలు చెప్పాను. ఎముక సంగతి గురువారం అనుమానం వచ్చిందన్నాను.

"శుక్రోరం ఫోన్ సేసినావు కదా పిన్నీ."

"చేశాను."

"వరి గురించి సెప్పినావు."

నేను ఆమె కాలికి కట్టిన చెక్కల వైపు చూశాను.

"నా డొక్క ఇరిగిందని పదిమందికి తెలుసు. కోచ్‌కి తెలుసు. నాకే తెలీదు. నాను ఆల ముందు నవ్వుతూ నిలబడ్డాను." మిగతా ఆరుగురి చేతుల వైపు చూసింది. "ఇప్పీండి. నాది నాకిచ్చీండి."

డాక్టరు మందు ఇచ్చాడు కదా, రెండు రోజులు పోనీ అన్నాడు సన్యాసినాయుడు.

"ఇచ్చీండి తాతా."

ఒక్కొక్కరూ విప్పారు. కనకాలు వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుంది. నాలుగోదానికి అరిచింది. చివరిది సన్యాసినాయుడిది. విప్పి బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు పళ్ళు బిగించి ఉంది.

"ఇంత ఉన్నాదా?" అంది.

తర్వాత ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చే హక్కు ఉందనుకోలేదు.


నవంబరు 18, బుధవారం

ఉత్తరపు గాలి, పొడిగా ఉంది. వరి రంగు తిరుగుతోంది. తలుపుల పని తక్కువ.

తవిటమ్మ జట్టు సంఘానికి ఫిర్యాదు రాసింది. ఈ రోజు జవాబు వచ్చింది. దెబ్బలన్నీ ఆటలో తగిలినవేనని జట్టు చెబుతోందట. స్నానాల గదిలో సరదాలే గాని హింస లేదని, ఆమె ఒక్కరోజు కూడా నొప్పి అనలేదని, నవ్వేదని జగదాంబతో పాటు ఏడుగురు రాసిచ్చారట. సోమవారం విచారణ. చెప్పేవాళ్ళుంటే రావచ్చు.

చెప్పవలసింది మేమే. చెబితే వారం మధ్యలో పట్టీలు కట్టుకుని ఉన్నామని ఒప్పుకోవాలి. అలా చేసిన ఊరికి ఐదేళ్ళు వాటా ఉండదు. ఈ ఊరి నుంచి ఏ ఆటగాడికీ పట్టీ కట్టనివ్వరు.

పాకలో మళ్ళీ వాదన. ఈసారి గట్టిగా. వాటా పోతే మన పిల్లలు నొప్పితో ఆడాలా అని ఒకరు. నొప్పి తెలిస్తే కదా ఆపేది అని కనకాలు. పట్టీలు లేని ఊరి పిల్లని ఏ జట్టు తీసుకుంటుందని ఇంకొకరు. వెళ్తామన్నది ముగ్గురం. నేను, కనకాలు, నర్సిమ్ములు.

"మనం వేళలు సెప్తాం. దెబ్బలు తగిలినాయని సెప్తాం," అన్నాడు నర్సిమ్ములు. "తువ్వాలు సంగతి మనకెలా తెలుసంటే ఏటి సెప్పాల? మనలో ఎవులు సూసినారు?"

సన్యాసినాయుడు మూలన కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు. ఆయన లేచి వెళ్ళాడు.


నవంబరు 22, ఆదివారం

నీరు మూడడుగుల ఐదంగుళాలు, పెరుగుతోంది. సాయంత్రం నాలుగున్నరకి తవిటమ్మకి బాతుగుడ్లు ఇవ్వడానికి వెళ్తే సన్యాసినాయుడు అక్కడే ఉన్నాడు. గుమ్మం బయట, చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

"తాతా, నా మాట నమ్మరు," అంటోంది తవిటమ్మ. "నవ్వినాను కదా. అది నిజమే. కొట్టినోలు అలాగ ఎందుకు కొడతారో, ఎక్కడ కొడితే బట్టల కింద కనబడదో నీకు తెలుసు. నువ్వు సెప్తే కాదనలేరు."

"ఆ ఆఫీసు గోడ మీద నా పోటో ఉన్నాది."

"తెలుసు."

"మాతో ఒకడు ఆడేవోడు. గెడ్డ అవతలోడు. ఏడిసేవోడు కాదు." ఆయన గుమ్మం పట్టుకున్నాడు. "ఒక రోజు మరి రాలేదు. ఎక్కడికెల్లినాడో మేము అడగలేదు. సీజన్ నడుస్తంది."

తవిటమ్మ డొక్క మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది. తీసుకున్నప్పుడల్లా ఆమె మొహం చిన్నగా ముడుచుకోవడం ఆయన చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏమీ గుచ్చుకోలేదు. ఆయనకీ గుచ్చుకుని ఉండదు.

"నానొచ్చి ఏటి సెప్పాల?"

"సేసింది సెప్పు."

"ఆల ముందరా?"

"మరి ఎవుల ముందర?"

ఆయన కట్ట దిగి ఇంటి వైపు కాకుండా మడుల మధ్య నుంచి నడిచి పోయాడు.


నవంబరు 23, సోమవారం

పున్నమి పోటు. నీరు నాలుగడుగుల ఒక అంగుళం. ఆకాశం తెరిపిగా ఉంది, గాలి లేదు. తలుపులు వదిలి కదలడానికి లేదు కాబట్టి నన్ను పదకొండింటికి విచారణ వాళ్ళు ఫోనులో అడుగుతారు. దెబ్బల వేళలు ఈ పుస్తకంలో నుంచి కాగితం మీదకి ఎత్తి రాసి కనకాలుకి ఇచ్చాను.

ఆరూ పదికి విచారణకి వెళ్ళే మొదటి పడవ దాటింది. అందులో తవిటమ్మ, కనకాలు, నర్సిమ్ములు.

తొమ్మిదీ నలభైకి రెండో పడవ, అదీ అటే. అందులో సన్యాసినాయుడు. ఒక్కడే.